పైలట్ లాగ్ బుక్

పైలట్ లాగ్ బుక్ అనగా విమానచోదకుడు తాను చేసిన ప్రతి ప్రయాణాన్ని తేదీ, సమయాలతో సహా తన చేతితో నమోదు చేసుకొనే వ్యక్తిగత పుస్తకం. పైలట్ లైసెన్సు పొందడానికి, దానిని పునరుద్ధరించుకోవడానికి, ఉద్యోగంలో చేరడానికి ఈ పుస్తకమే ప్రధాన ఆధారం. శిక్షణార్థి వ్రాసుకొన్న గంటలు కేవలం అతని మాట మాత్రమే. శిక్షకుడు సంతకం చేసిన తరువాతనే అవి సాక్ష్యంగా మారుతాయి. అందువలన లాగ్ బుక్ విలువ, ఆ సంతకం చేసే శిక్షకుని ప్రమాణం, ఈ రెండూ విడదీయరానివి.

ఈ వ్యాసంలో లాగ్ బుక్ స్వరూపం, భారతదేశంలో దానికి సంబంధించిన నియమాలు, శిక్షకుల అర్హతలు, నమోదులలో జరిగిన అక్రమాలు, తెలుగు ప్రాంతంలోని అనుభవాలు వివరించబడినవి.

పేరు వెనుక కథ

"లాగ్" అనే ఆంగ్ల పదానికి మొద్దు లేక దుంగ అని అర్థం. పూర్వం ఓడ వేగాన్ని కొలవడానికి నావికులు తాడు కట్టిన చెక్కముక్కను నీటిలో వదలి, నిర్ణీత సమయంలో ఎంత తాడు జారిందో లెక్కించేవారు. ఆ లెక్కలు వ్రాసే పుస్తకానికి లాగ్ బుక్ అన్న పేరు స్థిరపడింది. ఓడల నుండి ఈ పద్ధతి, ఈ పేరు రెండూ విమానాలకు వచ్చినవి. తెలుగులో దీనికి నమోదు పుస్తకం, ప్రయాణ దినచర్య వంటి మాటలు వాడవచ్చును గాని, వాడుకలో లాగ్ బుక్ అనే మాటే నిలిచింది.

చరిత్ర

విమానయానం మొదలైన తొలి సంవత్సరాలలో బోధనకు ప్రత్యేక ప్రమాణాలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో యుద్ధరంగం నుండి విశ్రాంతికై తిరిగి వచ్చిన చోదకులు పలువురు శిక్షకులుగా పనిచేసేవారు. విమానం నడపగలిగినవాడు నడపడం నేర్పగలడనే భావన అప్పుడు ఉండేది. ఈ భావనను 1917లో గోస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ నెలకొల్పిన శిక్షణ విధానం మార్చివేసింది. రెండు జతల నియంత్రణ పరికరాలు గల ఆవ్రో 504 విమానంలో శిక్షకుడు, విద్యార్థి కలసి ఎగిరేవారు. వారు మాట్లాడుకొనేందుకు రబ్బరు గొట్టం ఏర్పాటు చేశారు. ప్రమాదకర స్థితులను తప్పించుకోవడం మాత్రమే కాక, వాటిలోనికి కావాలని ప్రవేశించి బయటపడడం కూడా నేర్పారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ముందు శిక్షకులకు శిక్షణ ఇచ్చారు.

హైదరాబాదులో 1930 దశకంలో నిజాం పాలనలో ఏరో క్లబ్బు ఏర్పడి, బేగంపేట విమానక్షేత్రం అభివృద్ధి చెందింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల నడచింది. అక్కడ టైగర్ మాత్ విమానాలపై శిక్షణ ఇచ్చేవారు.

స్వాతంత్ర్యం తరువాత భారత వైమానిక దళం 1948లో అంబాలాలో శిక్షకుల పాఠశాలను ప్రారంభించి, 1954లో మద్రాసు సమీపంలోని తాంబరానికి తరలించింది. హైదరాబాదు శివారులోని దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి 1967 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుసేన్ శంకుస్థాపన చేయగా, 1971లో అది ప్రారంభమైంది.

లాగ్ బుక్ స్వరూపం

లాగ్ బుక్‌లో ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్క వరుస ఉంటుంది. సాధారణంగా ఈ క్రింది వివరాలు నమోదు చేయాలి.

* తేదీ
* విమానం రకం, రిజిస్ట్రేషను గుర్తు (భారతదేశంలో ఇది "వీటీ" అక్షరాలతో మొదలవుతుంది)
* ప్రధాన చోదకుని పేరు, శిక్షణార్థి లేక సహచోదకుని పేరు
* బయలుదేరిన స్థలం, చేరిన స్థలం, సమయాలు
* ద్వంద్వ శిక్షణ (డ్యూయల్), ప్రధాన చోదకుడు, సహచోదకుడు అనే విభాగాలలో గంటలు
* పగలు, రాత్రి విభజన
* పరికరాల ఆధారంగా మాత్రమే నడిపిన సమయం
* చేసిన అభ్యాసం, ఇతర విశేషాలు

ప్రయాణ సమయం అనగా గాలిలో ఉన్న సమయం మాత్రమే కాదు. ఎగరడం కోసం విమానం తన శక్తితో మొదట కదలిన క్షణం నుండి, ప్రయాణం ముగిసి పూర్తిగా ఆగిన క్షణం వరకు లెక్కిస్తారు. సమయాలను అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో వ్రాస్తారు. భారత కాలమానం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఉదాహరణకు ఒక విద్యార్థి ఉదయం 9:40 కి కదలి 10:45 కి ఆగితే, పుస్తకంలో 04:10 నుండి 05:15 వరకు, 1 గంట 5 నిమిషాలు అని వ్రాయాలి.

ప్రతి పుట చివర ఆ పుట మొత్తం, అంతకు ముందటి మొత్తం, నేటి వరకు మొత్తం వేస్తారు. ఒకచోట కూడిక తప్పితే ఆ తప్పు తరువాతి పుటలన్నిటికీ పాకుతుంది.

భారతదేశంలో నియమాలు

భారతదేశంలో పౌర విమానయానాన్ని 1934 నాటి విమాన చట్టం, దాని క్రింద వచ్చిన 1937 నాటి విమాన నియమాలు చాలాకాలం నడిపించినవి. 2025 జనవరి 1 నుండి పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అమలులోకి వచ్చింది. లైసెన్సులు ఇచ్చే అధికారం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) చేతిలో ఉంది.

1937 నియమాలలోని 67-ఎ నియమం వ్యక్తిగత లాగ్ బుక్ గురించి చెబుతుంది. దానిలోని ముఖ్యాంశాలు ఇవి.

* విమాన సిబ్బందిలోని ప్రతివారు, లైసెన్సు కోసం శిక్షణ పొందే ప్రతివారు లాగ్ బుక్ నిర్వహించాలి.
* చివరి నమోదు తేదీ నుండి కనీసం 5 సంవత్సరాలు పుస్తకాన్ని భద్రపరచాలి.
* నమోదులన్నీ సిరాతోనే వ్రాయాలి.
* నెలకొకసారి చోదకుడు తన నమోదులు సరియైనవని ధ్రువీకరించాలి. మూడు నెలలకొకసారి బాధ్యతగల అధికారి ధ్రువీకరణ పొందాలి. శిక్షణ సంస్థలో ఈ బాధ్యత శిక్షణకు నాయకత్వం వహించే శిక్షకునిది.
* ద్వంద్వ శిక్షణ గంటలను ఆ శిక్షణ ఇచ్చిన శిక్షకుడే ధ్రువీకరించాలి.

67-బి నియమం లాగ్ బుక్‌ను నాశనం చేయడాన్ని, దిద్దివేయడాన్ని, తప్పుడు నమోదులు చేయడాన్ని నిషేధిస్తుంది.

లైసెన్సుకు కావలసిన గంటలు

ప్రైవేటు పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటల అనుభవం కావాలి. జీతానికి విమానం నడపడానికి అవసరమైన కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీసం 200 గంటలు కావాలి. ఆ 200 గంటలలో ఈ క్రిందివి ఉండాలి.

* ప్రధాన చోదకునిగా 100 గంటలు. వీటిలో 15 గంటలు దరఖాస్తుకు ముందటి 6 నెలలలో చేసినవై ఉండాలి.
* ప్రధాన చోదకునిగా ఊరి నుండి ఊరికి చేసిన ప్రయాణాలు 20 గంటలు. వీటిలో ఒకటి 300 నాటికల్ మైళ్ళకు తగ్గకుండా, రెండు వేర్వేరు విమానక్షేత్రాలలో దిగి ఆగేదిగా ఉండాలి.
* పరికరాల ఆధారంగా 10 గంటలు. వీటిలో 5 గంటలకు మించి సిమ్యులేటరు పై చేయరాదు.
* రాత్రివేళ ప్రధాన చోదకునిగా 5 గంటలు. కనీసం 10 సార్లు లేచి, 10 సార్లు దిగాలి.

ఈ లెక్కలో ఒక విషయం గమనార్హం. మొత్తం 200 గంటలలో సగం, అనగా 100 గంటలు, విద్యార్థి తానే ప్రధాన చోదకునిగా నడిపినవి. సోలో ప్రయాణంలో ప్రక్క సీటులో శిక్షకుడు ఉండడు. అక్కడ చూచిన సాక్షి లేడు కనుక నమోదులో అబద్ధానికి ఎక్కువ అవకాశం ఉన్నది కూడా ఈ గంటలలోనే.

శిక్షకుల ప్రమాణాలు

పౌర విమానయానంలో శిక్షకులు రెండు అంచెలుగా ఉంటారు. కమర్షియల్ లైసెన్సు పొంది, బోధనా శిక్షణ, పరీక్షలు పూర్తిచేసినవారు మొదట సహాయ శిక్షకుని రేటింగు పొందుతారు. వీరు పూర్తిస్థాయి శిక్షకుని పర్యవేక్షణలోనే బోధించాలి. తగిన బోధనానుభవం తరువాత పూర్తిస్థాయి శిక్షకుని రేటింగు లభిస్తుంది. విద్యార్థిని మొదటిసారి ఒంటరిగా ఆకాశంలోనికి పంపే నిర్ణయం ఇటువంటి పూర్తిస్థాయి శిక్షకునిదే. సంస్థ మొత్తానికి ప్రధాన శిక్షకుడు (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టరు) బాధ్యత వహిస్తారు.

వైమానిక దళంలో తాంబరం పాఠశాల నుండి ఉత్తీర్ణులైన శిక్షకులకు సి, బి, ఎ2, ఎ1 అనే శ్రేణులు ఉన్నవి. శిక్షకుడు ఒక్కొక్క శ్రేణికి మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి. శిక్షకుని నైపుణ్యం ఒకసారి పట్టా పొందినంతనే నిలిచిపోయేది కాదని ఈ ఏర్పాటు చెబుతుంది.

శిక్షకుని అసలు పని సంతకంతో ముగియదు. ప్రతి పాఠం తరువాత విద్యార్థి ప్రగతి పత్రంలో ఏది బాగా వచ్చింది, ఏది రాలేదు, తరువాతి పాఠంలో ఏమి చేయించాలి అనేవి వ్రాయాలి. "సంతృప్తికరం" అని ఒక్కమాట వ్రాసి వదలివేస్తే, శిక్షకుడు మారినప్పుడు క్రొత్తవారికి ఆ విద్యార్థి లోపం తెలియదు. ఉదాహరణకు "ప్రక్కగాలి ఉన్నప్పుడు దిగే ముందు విమానం రన్‌వే మధ్యరేఖ నుండి ఎడమకు జరుగుతున్నది, మళ్ళీ చేయించాలి" అనే వాక్యం తరువాతి శిక్షకునికి ఎంతో ఉపయోగపడుతుంది.

శిక్షకుడు విద్యార్థితో పాటు ప్రాణాపాయాన్ని కూడా పంచుకుంటాడు. 2023 డిసెంబరు 4న దుండిగల్ అకాడమీ నుండి బయలుదేరిన పిలాటస్ పీసీ-7 శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలిపోగా శిక్షకుడు, శిక్షణార్థి ఇద్దరూ మరణించారు.

ఇతర నమోదులు, సరిచూచే విధానం

లాగ్ బుక్‌లోని ఒక్కొక్క వరుసకు శిక్షణ సంస్థలో మరికొన్ని చోట్ల జాడలు ఉంటాయి.

* ప్రయాణ అనుమతి పుస్తకం: విమానం ఎక్కే ముందు ఎవరు, ఏ అభ్యాసానికి, ఎవరి అనుమతితో వెళుతున్నారో వ్రాసేది.
* విమానపు ప్రయాణ, సాంకేతిక పుస్తకాలు: విమానం ఎన్ని గంటలు తిరిగింది, ఏ లోపాలు కనబడినవి, ఏ రోజులలో మరమ్మతులో ఉంది అనే వివరాలు ఉండేవి.
* ఇంజను మీటరు: ఇంజను నడచిన కాలాన్ని చూపేది.
* విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం నమోదులు: విమానం లేచిన, దిగిన సమయాలు.
* ఇంధనం లెక్కలు.

ఇవన్నీ వేర్వేరు చేతులు వ్రాసేవి కనుక అన్నిటినీ ఒకేసారి తప్పుగా వ్రాయడం కష్టం. ఉదాహరణకు శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 152 విమానం గంటకు సుమారు 20 నుండి 25 లీటర్ల ఇంధనం వాడుతుంది. ఒక విద్యార్థి ఆ విమానంపై 100 గంటలు ఎగిరినట్లు వ్రాసి ఉంటే, కనీసం 2,000 లీటర్ల ఇంధనం కొన్న రసీదులు కూడా ఉండాలి. అలాగే విమానం మరమ్మతుకై షెడ్డులో ఉన్న రోజున ఎవరి లాగ్ బుక్‌లోనూ దాని పేరు కనబడరాదు.

అక్రమాలు

ఎగరకుండానే వ్రాసుకొన్న గంటలను ఆంగ్లం మాట్లాడే చోదకులు "పీ-51 గంటలు" అని ఎగతాళి చేస్తారు. పీ-51 ఒక ప్రసిద్ధ యుద్ధ విమానం పేరు, పార్కర్ 51 ఒక ప్రసిద్ధ కలం పేరు. ఆ గంటలు విమానంతో కాక కలంతో చేసినవని ఆ మాటలోని చమత్కారం.

అక్రమాలు ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది, జరగని ప్రయాణాన్ని వ్రాయడం. రెండవది, జరిగిన ప్రయాణాన్ని పొడిగించి వ్రాయడం. మూడవది, ఒకే విమానంలో కూర్చొన్న ఇద్దరు విద్యార్థులు అదే గంటను ఎవరికి వారు ప్రధాన చోదకులుగా లెక్కించుకోవడం.

భారతదేశంలో 2011లో ఈ సమస్య బయటపడింది. ఆ ఏడాది మార్చిలో తప్పుడు మార్కుల పత్రాలతో ఉన్నతస్థాయి లైసెన్సులు పొందారన్న ఆరోపణపై కొందరు పైలట్లు అరెస్టయ్యారు. అదే సంవత్సరం రాజస్థాన్‌లో ఎగరని గంటలను ఎగిరినట్లు చూపిన వ్యవహారంపై ఆ రాష్ట్ర అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టింది. తరువాత డీజీసీఏ దేశంలోని శిక్షణ సంస్థలను తనిఖీ చేయించింది.

పాకిస్తాన్‌లో 2020 మే నెలలో కరాచీ వద్ద జరిగిన విమాన ప్రమాదం తరువాత, దేశంలోని 860 మంది పైలట్లలో 262 మంది లైసెన్సులు అనుమానాస్పదమని ఆ దేశపు విమానయాన మంత్రి పార్లమెంటులో ప్రకటించారు. ఐరోపా విమానయాన భద్రతా సంస్థ పాకిస్తాన్ జాతీయ విమాన సంస్థ రాకపోకలను 2020 జూలై నుండి నిలిపివేయగా, ఆ నిషేధం 2024 నవంబరులో గాని తొలగలేదు. విచారణలో ఆ జాబితాలోని చాలామంది లైసెన్సులు సరియైనవేనని తేలింది. నమోదులు నమ్మదగినవి కాకపోతే నిజాయితీగా చదివినవారు కూడా అనుమానం పాలవుతారనడానికి ఇది ఉదాహరణ.

నమోదులో అబద్ధం లేకపోయినా వివరం లేకపోవడం కూడా ప్రమాదమే. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో వద్ద కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించారు. ఆ విమానపు కెప్టెన్ గతంలో కొన్ని పరీక్షలలో తప్పినట్లు తేలింది. ఆ సంస్థ శిక్షణ నమోదులలో అతని లోపాల సరళిని గుర్తించడానికి తగిన వివరాలు లేవని అమెరికా రవాణా భద్రతా మండలి పేర్కొన్నది. ఆ తరువాత అక్కడ పైలట్ల నమోదులన్నిటినీ ఒకేచోట చేర్చే జాతీయ భాండాగారం ఏర్పాటుకు చట్టం వచ్చింది.

ఖమ్మం - భద్రాచలం అడవులు, తెలుగు ప్రాంతం

ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో పౌర విమానాశ్రయం లేదు. ఇక్కడి యువకులు పైలట్ శిక్షణకై హైదరాబాదుకో, ఇతర రాష్ట్రాలకో, విదేశాలకో వెళ్ళవలసి ఉంటుంది. తెలుగు ప్రాంతంలో బేగంపేట, నాదర్‌గుల్, నాగార్జునసాగర్ విమానక్షేత్రాలలో పౌర శిక్షణ జరిగింది. భద్రాచలం మన్యానికి ఆనుకొని ఉన్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లా నుండి 2019లో ఒక ఆదివాసీ యువతి విమాన సంస్థలో పైలట్‌గా చేరడం వార్తలలోనికి ఎక్కింది. లక్షల రూపాయల ఖర్చుతో కూడిన ఈ చదువుకు అప్పు చేసి పంపే కుటుంబానికి చివరకు చేతికి వచ్చే ఆస్తి ఆ లాగ్ బుక్ ఒక్కటే. ఇతరులు చేసిన తప్పుడు నమోదుల వలన శిక్షణ సంస్థ పేరు చెడితే, ఆ ఆస్తి విలువ కూడా తగ్గుతుంది.

ఈ అడవులకు విమానయాన చరిత్రలో మరొక విధంగా స్థానం ఉంది. 2008 ఆగస్టు 3న హైదరాబాదు నుండి ఛత్తీస్‌గఢ్‌కు బయలుదేరిన ఒక బెల్ 430 హెలికాప్టరు నలుగురితో సహా కనబడకుండా పోయింది. వర్షాకాలపు మబ్బులు, దట్టమైన అడవి, కొండలు గాలింపును కష్టతరం చేసినవి. సుమారు మూడు నెలల తరువాత, నవంబరులో, అప్పటి ఖమ్మం జిల్లాకు ఛత్తీస్‌గఢ్‌కు సరిహద్దులోని అడవులలో శిథిలాలు దొరికినవి. నలుగురూ మరణించారు.

ఇటువంటి సంఘటనలలో శిథిలాలు దొరికేవరకు పరిశోధకుల చేతిలో ఉండేవి నేలమీద మిగిలిన కాగితాలే. లైసెన్సులు, లాగ్ బుక్కులు, శిక్షణ పత్రాలు, మరమ్మతు నమోదులు, వాతావరణ సూచనలు ముందుగా స్వాధీనం చేసుకొంటారు. చోదకునికి కొండ ప్రాంతంలో, వర్షాకాలంలో ఎగిరే శిక్షణ ఉన్నదా, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అనే ప్రశ్నలకు సమాధానం ఆ పుటలలోనే వెదకాలి. అడవిలో మరణించినవారు వచ్చి చెప్పలేరు.

మరుసటి సంవత్సరం, 2009 సెప్టెంబరు 2న, బేగంపేట నుండి చిత్తూరుకు బయలుదేరిన మరొక బెల్ 430 హెలికాప్టరు నల్లమల అడవులలో కూలి అప్పటి ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించారు. చోదకులు ఒక పరికరంలో కనబడిన చమురు ఒత్తిడి సమస్యపై దృష్టి నిలిపి, ఎదురుగా ఉన్న తీవ్ర వాతావరణం విషయంలో అప్రమత్తత కోల్పోయారని విచారణ సంఘం తేల్చింది. ఆ ఇద్దరు చోదకులూ అనుభవజ్ఞులే. గంటల మొత్తం చోదకుని నిర్ణయశక్తిని పూర్తిగా చెప్పదనీ, ఆ గంటలు ఎటువంటి పరిస్థితులలో, ఎటువంటి శిక్షణతో గడిచినవో కూడా నమోదు కావాలనీ ఈ ప్రమాదం వలన గ్రహించవచ్చు.

పౌర శిక్షణలోనూ తెలుగు ప్రాంతంలో ప్రమాదాలు జరిగినవి. 2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లాలో సెస్నా 172 విమానం కూలి ఇద్దరు శిక్షణార్థులు, 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా 152 విమానం కూలి ఒంటరిగా ఎగురుతున్న శిక్షణార్థిని మరణించారు. ఇటువంటి ప్రమాదాలను 2012లో ఏర్పడిన విమాన ప్రమాద పరిశోధన సంస్థ విచారిస్తుంది.

ఎలక్ట్రానిక్ నమోదులు

డీజీసీఏ 2021 నవంబరులో ఈ-జీసీఏ అనే కంప్యూటరు వ్యవస్థను ప్రారంభించి, లైసెన్సు దరఖాస్తులను, లాగ్ బుక్ నమోదులను దానిలోనికి తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. చైనా తరువాత ఈ పద్ధతి ప్రవేశపెట్టిన రెండవ దేశం భారతదేశం. అదే సంవత్సరం శిక్షణ సంస్థలకు శ్రేణులు ఇవ్వగా, తొలి జాబితాలోని 35 సంస్థలలో ఒక్కటి కూడా మొదటి రెండు శ్రేణులకు చేరలేదు.

కంప్యూటరు వలన కూడికల తప్పులు తగ్గుతాయి. ఒకే విమానం ఒకే సమయంలో రెండుచోట్ల నమోదైతే సులభంగా పట్టుబడుతుంది. కాని విద్యార్థి నిజంగా ఎగిరాడా, ఎగిరినవాడు నిజంగా నేర్చుకొన్నాడా అనే విషయాలు యంత్రానికి తెలియవు. మొదటి ప్రశ్నకు శిక్షకుని నిజాయితీ, రెండవదానికి అతని బోధనా సామర్థ్యం మాత్రమే సమాధానం చెప్పగలవు.

ఇవి కూడా చూడండి

* బేగంపేట విమానాశ్రయం
* వైమానిక దళ అకాడమీ, దుండిగల్
* పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్
* వై.ఎస్. రాజశేఖరరెడ్డి
* భద్రాచలం